పసికందుకు బొడ్డు గొట్టం: ప్రాణం నిలిపేదే, కాని లెక్క రాసి ఉండాలి

నెలలు నిండక పుట్టిన బిడ్డను, పుట్టగానే ఏడవని బిడ్డను జిల్లా ఆసుపత్రిలో ‘బాక్సులో’ పెట్టినప్పుడు, బొడ్డులో నుండి సన్నని గొట్టం వేసి మందులు ఎక్కించడం చూచి తల్లిదండ్రులు భయపడడం సహజం. బొడ్డుపేగు అన్న మాటలో పేగు ఉన్నా అది పేగు కాదు. అందులో ఉండేవి రెండు ధమనులు, ఒక సిర. నొప్పి తెలిపే నరాలు అందులో లేవు. చేతి నరం దొరకని కిలో, కిలోన్నర బిడ్డకు ఈ సిరే దారి. పుట్టిన తర్వాత కొద్ది రోజుల వరకే ఇది తెరిచి ఉంటుంది.

బొడ్డు సిర గుండా బిడ్డ రక్తాన్ని మార్చే పద్ధతిని 1940 దశకంలో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ లూయీ డైమండ్ ప్రచారంలోకి తెచ్చారు. నేడు గ్లూకోజు, మందులు ఎక్కించడానికి కూడా ఈ దారినే వాడుతున్నారు.

చిక్కులు ఎక్కడ?

గొట్టం కొన గుండె వాకిట, పెద్ద సిరలో ఆగాలి. లోపలికి ఎక్కువ పోతే గుండె లయ తప్పవచ్చు. అరుదుగా గుండె చుట్టూ నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. దారి తప్పి కాలేయంలో ఆగితే, ఎక్కించిన గ్లూకోజు కాలేయాన్నే దెబ్బ తీస్తుంది. అందుకే గొట్టం వేశాక ఎక్స్‌రే గాని, స్కానింగ్ గాని తీసి చూడాలి.

రెండవది చీము, రక్తంలో విషక్రిములు. గొట్టం ఉండే రోజులు పెరిగే కొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. ఎంత శుభ్రత పాటించినా 14 రోజులకు మించి ఉంచరాదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2011లో సూచించాయి. వారం లోపే తీసివేసే ఆసుపత్రులు అనేకం.

ఏళ్ల తర్వాత బయటపడేది

మూడవదే ఎక్కువ మోసకరమైనది. పేగుల నుండి కాలేయానికి రక్తం తెచ్చే సిరలో గడ్డ కట్టవచ్చు. చాలామందిలో అది దానంతట అదే కరిగిపోతుంది. కరగని కొద్దిమందిలో దారి మూసుకుపోయి, ఏళ్లు గడిచాక ప్లీహం ఉబ్బుతుంది. పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అనేది ఇదే. అన్నవాహికలో సిరలు ఉబ్బి పగిలితే పిల్లవాడు ఉన్నట్టుండి రక్తం కక్కుతాడు, మలం తారులా నల్లగా వస్తుంది. గాలి, దిష్టి అని ఆలస్యం చేయరాదు. గొంతు గుండా కెమెరా గొట్టం వేసి, ఉబ్బిన సిరలకు రబ్బరు పట్టీలు బిగించి రక్తం ఆపే వైద్యం ఉంది.

అయితే పసిగుడ్డుగా ఉన్నప్పుడు గొట్టం వేసిన సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. చెబితే వైద్యుడు ముందుగానే ఆ సిరను స్కానింగ్‌లో చూడగలడు. కనుక గొట్టం వేసిన తేదీ, ఎక్స్‌రే తీసిన సంగతి, తీసివేసిన తేదీ, ఈ మూడూ డిశ్చార్జి చీటీలో రాసి ఇవ్వవలసిన బాధ్యత ఆసుపత్రులది. అడిగి రాయించుకోవలసిన హక్కు తల్లిదండ్రులది.

ఇంటి దగ్గర

గొట్టం తీశాక బొడ్డుకు పసుపు, బూడిద, ఆముదం పూయరాదు. పొడిగా ఉంచితే చాలు. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, నెత్తురు కారినా, బిడ్డ పాలు మానినా, కడుపు ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు ఆ చీటీ చూపించాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాది లోపు జబ్బు బిడ్డలకు మందులు, పరీక్షలు, రాకపోకలు ఉచితం.

గొట్టం వద్దని బిడ్డను ఇంటికి తెచ్చుకుంటే ఆ బిడ్డ దక్కకపోవచ్చు. గొట్టాన్ని వేయనివ్వాలి. ఎప్పుడు తీస్తారని రోజూ అడగాలి. ఆ చీటీని పిల్లవాడు పెద్దయ్యే దాకా పొలం పాసుపుస్తకంతో పాటు పెట్టెలో భద్రపరచుకోవాలి.