పాత నోటు విలువ ఎవరు చెప్పాలి?



'పాత రూపాయి నోటుకు లక్షలిస్తాం' అనే మెసేజ్ మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. ముందు ఫీజు కట్టమన్నారంటే అది మోసమే. పాత నోట్ల అమ్మకాలతో తనకు సంబంధం లేదని, వాటికి ఫీజు గానీ కమీషన్ గానీ అడగనని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే చెప్పింది.

పాతదైనంత మాత్రాన నోటుకు ధర రాదు. అలాంటివి ఎన్ని మిగిలాయి, ఎంత బాగా ఉన్నాయి అన్నదే లెక్క. అమెరికాలో 1935 దాకా ఊరూరి బ్యాంకులు తమ ఊరి పేరుతో నోట్లు ఇచ్చేవి. వాటిలోనూ పెద్ద నగరాల నోట్లకన్నా, కొన్నే మిగిలిన చిన్న ఊళ్ల నోట్లకే గిరాకీ ఎక్కువ.

ఇక్కడ కోటలోనూ ఏ తాతగారి పెట్టెలోనో పాత రూపాయి నోటు దొరకవచ్చు. దాన్ని ఇస్త్రీ చేయకండి, లామినేషన్ చేయించకండి. పిల్లలకు చూపించండి. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి, 1917లో మన దేశంలో రూపాయి నోటు పుట్టింది. దాని మీద తెలుగు కూడా ఉంది. మన ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, 'అప్పట్లో రూపాయికి ఏమొచ్చేది తాతా?' అని అడగాలి. అలా అడగడం నేర్చిన పిల్లలు రేపు ఏ మెసేజ్‌నూ గుడ్డిగా నమ్మరని నా అభిప్రాయం.