గొర్రెలకు నట్టల మందు మరువం, మరి పిల్లలకు?

వానలు పడగానే మన ఊళ్లలో గొర్రెలకు, మేకలకు నట్టల మందు తాపుతాం. ఒక్క జీవం తప్పిపోకుండా దొడ్డి కాడ నిలబడి లెక్కపెట్టుకుంటాం. మందు పడకపోతే ఎంత మేసినా ఒంటికి పట్టదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అదే ఇంట్లో పిల్ల కడుపునొప్పి అంటే మాత్రం "ఏదో తిన్నది, అదే తగ్గుతది" అని ఊకుంటాం. హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక మండలాల రైతు, కూలి కుటుంబాల కోసం ఈ నెల ధరల సంగతి పక్కనపెట్టి ఈ మాట రాస్తున్నాం.

పిల్లల పేగుల్లో చేరేవి ముఖ్యంగా ఏలికపాములు, కొరడా పురుగులు, కొంకి పురుగులు. మొదటి రెండూ మట్టి చేతుల నుంచి, కడగని కూరగాయల నుంచి గుడ్ల రూపంలో నోట్లోకి పోతాయి. కొంకి పురుగుకు నోటితో పనిలేదు. ఆరుబయట పడిన మలంలోని గుడ్లు నీడపట్టున తడిమట్టిలో పొదుగుతాయి. వారం పది రోజుల్లో ఆ పిల్ల పురుగులు ఉత్తకాళ్ల చర్మంలోంచే ఒంట్లోకి దూరుతాయి. పేగు గోడను పట్టుకొని రక్తం తాగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అదంతా పురుగుల వల్లే అనడం లేదు, తిండి లేమి పెద్ద కారణం. కానీ తిన్న కాస్త తిండినీ పురుగులు పంచుకుంటుంటే పిల్ల ఏం కోలుకుంటది?

అమెరికా దక్షిణాదిన పత్తి పండించే పేదలను ఒకప్పుడు సోమరిపోతులని వెక్కిరించారు. 1909లో అక్కడ కొంకి పురుగు నిర్మూలన మొదలుపెట్టి బడిపిల్లలను పరీక్షిస్తే దాదాపు 40 శాతం మందిలో పురుగులున్నాయి. మన బడుల్లో వెనకబెంచీలో కునికే పిల్లను మొద్దు అనే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మందు లేక కాదు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం కింద ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు బడుల్లో, అంగన్‌వాడీల్లో అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల గోలీ ఉచితంగా ఇస్తారు. రెండేళ్లలోపు వాళ్లకు సగం గోలీ, పొడి చేసి నీళ్లలో కలిపి. పెద్ద పిల్లలు నమిలి మింగాలి. పురుగులు ఎక్కువున్న పిల్లకు కొంచెం కడుపునొప్పి, వికారం రావచ్చు. అది చూసి గోలీ వికటించిందని పుకారు లేపొద్దు. జ్వరంతో ఉన్న పిల్లకు ఆ రోజు వేయించొద్దు.

చిక్కంతా తేదీల దగ్గరుంది. ఆగస్టు 10 అంటే వానాకాలం నాట్ల కాలం. తల్లి నాటుకు పోతే చిన్నపిల్లను చూసుకోను పెద్దపిల్ల బడి మానేస్తది. ఫిబ్రవరిలో ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కూలీల పిల్లలుంటారు, వాళ్ల పేరు ఏ బడి రిజిస్టర్‌లోనూ ఉండదు. గోలీ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందడం లేదు. మిగిలిన పిల్లల కోసం కొద్ది రోజులకు మరో రోజు పెడతారు, ఆ రోజైనా ఆశా కార్యకర్తలు బట్టీల దాకా పోవాలి. అందుకు బండి ఖర్చు ప్రభుత్వమే ఇవ్వాలి.

నట్టల మందు తాపి మళ్లీ అదే బీట్లో మేపితే ఏమైతదో మనకు తెలుసు. పిల్లల సంగతీ అంతే. బడి మరుగుదొడ్డికి నీళ్లు, దాన్ని కడగను జీతమిచ్చే మనిషి లేకుండా గోలీతో పని జరగదు. ఇక మన వంతు. కూలీలను పిలిచే రైతులం మనమే, పది మంది ఆడవాళ్లు పొద్దంతా పనిచేసే చేను దగ్గర వాళ్లు ఎక్కడికి పోవాలని మనలో ఎందరు ఆలోచించారు? ఎరువు ఖర్చు కలిసొస్తదని సెప్టిక్ ట్యాంకు మురుగును కూరగాయల మడిలో పోయించుకుంటే, ఏలికపాము గుడ్లు ఆ మట్టిలో ఏండ్ల తరబడి బతికే ఉంటాయి.

వచ్చే ఆగస్టు 10న నాట్లు పెట్టుకున్నవాళ్లు కూలీలను ఓ గంట ఆలస్యంగా రమ్మనండి, పిల్లలను బడికి పంపి వస్తారు. గ్రామ కమిటీలు ఆ సాయంత్రమే బడికి పోయి, గోలీ అందని పిల్లల పేర్లు రాసుకొని రావాలి.