చేతనైన పని: జీపుకి టోపీ, గరాజుకి గిలక

కిందటి నెల నేలమాళిగలో నీళ్లు తోడే పంపు గురించి రాశాం. అది చదివి ముగ్గురు ఫోను చేశారు. ఇద్దరు పంపు సంగతే అడిగారు. మూడో ఆయన మాత్రం, "అదలా ఉంచండి, మీ గరాజులో బియ్యం సంచులు వేలాడదీశారటగా, ఏమిటి కథ?" అన్నారు. కథ ఇదీ.

మా ఇంట్లో 2012 నాటి నాలుగు తలుపుల జీపు రాంగ్లరు ఒకటుంది. ఉండేది ఒహాయోలో కనుక ఆ బండి పుట్టిల్లు టొలీడో మాకు దగ్గరే. మన ఊళ్లలో జీపంటే సమితి ఆఫీసు వారి బండి. దాని నెత్తిన కాన్వాసు గుడ్డ, విప్పితే చుట్టేసి వెనక సీట్లో పడేసేవారు. ఇక్కడి చలికి గుడ్డ ఆగదని మేము గట్టి టోపీ ఉన్నది కొన్నాం. ముందున్న రెండు పలకలు గొళ్లాలు తిప్పితే చేతికి వచ్చేస్తాయి. చిక్కంతా వెనక ముక్కతోనే. అద్దాలతో సహా సుమారు 145 పౌన్లు. నాలుగు మూలలా నలుగురు పెద్దవాళ్లు పట్టి ఎత్తాలని బండితో వచ్చిన పుస్తకమే చెబుతుంది.

నలుగురు అంటే మనకి లోటేముంది? ఏటా మే నెలలో ఒక శనివారం మిత్రులు వచ్చేవారు, పల్లకీ మోసినట్టు టోపీ దింపేవారు, పెసరట్లు తిని వెళ్లేవారు. అక్టోబరులో మళ్లీ అదే తంతు. పోయిన ఏడు ఆ నలుగురిలో ఒకాయన కాలు చీపురు మీద పడి జారింది. టోపీ వదిలేస్తే అద్దం పగులుతుందని ఆయన నడుం అడ్డంగా తిప్పి ఆపారు. అద్దం దక్కింది. ఆయన మాత్రం ఆరు వారాలు మంచం మీద ఉన్నారు. పరామర్శకి వెళ్లినప్పుడల్లా వాళ్లావిడ కాఫీ ఇచ్చేవారే గాని, మా మొహం వంక చూసేవారు కాదు. మా ముచ్చటకి ఇంకొకరి నడుం పణం పెట్టడం ఇక చాలనుకున్నాం.

గిలకలతో ఎత్తుదామన్నది మామగారి మాట. తెనాలి నుంచి అప్పుడే వచ్చి ఉన్నారు. "నూతిలో చేద లాగినట్టు లాగేయొచ్చుగా" అన్నారు. సగం నిజం. నూతి మీద గిలక ఒకచోట బిగించి ఉంటుంది. అది తాడు దారి మళ్లిస్తుందే గాని బరువు తగ్గించదు. బిందె పది సేర్లయితే మనం లాగేదీ పది సేర్లే. బరువు తగ్గాలంటే బరువుతో పాటు పైకి కదిలే గిలక ఉండాలి. పైన రెండు చక్రాల గిలక, కింద రెండు చక్రాల గిలక పెడితే బరువుని నాలుగు వరసల తాడు పంచుకుంటుంది. టోపీ, దాన్ని పట్టే చెక్క చట్రం కలిపి మాకు 175 పౌన్లు. నాలుగోవంతు అంటే 44. రాపిడి కలుపుకుంటే 50 పైచిలుకు. బదులుగా తాడు నాలుగింతలు లాగాలి: టోపీ అడుగు లేవాలంటే తాడు నాలుగడుగులు. ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు.

ఈ లెక్క కాగితం మీద వేసుకుని మహా సంబరపడి, మంచం దిగిన మిత్రుడికే చూపించాం. ఆయన వృత్తిరీత్యా కట్టడాల ఇంజనీరు. కాగితం చూసి, "గురువుగారూ, మీ చేతికి 50 పౌన్లు సరే. మీ కప్పుకి ఎంత?" అన్నారు. మేము తెల్లమొహం వేశాం. బరువు 175, దాని మీద మనం కిందికి లాగే 50. మొత్తం 225 పైనున్న ఒక్క కొక్కెం మీద పడుతుంది. గిలకలు మనిషికి భారం తగ్గిస్తాయి గాని కప్పుకి తగ్గించవు, పైగా పెంచుతాయి. మా గరాజు కప్పుది ట్రస్సుల కట్టడం. ట్రస్సు అడుగు దూలం ముఖ్యంగా సీలింగు పలకలు మోయడానికి పెట్టింది. నడిమధ్యన ఒకేచోట కొక్కెం గుచ్చి బరువు వేలాడదీస్తే అది ఒప్పుకోదు.

ఆయన సలహా మీద అటక ఎక్కి, ఐదు ట్రస్సుల మీద అడ్డంగా రెండు మందపాటి దూలాలు పరిచాం. బరువు ఐదింటికీ పంచబడుతుంది. చెక్కలోకి మర తిప్పే కొక్కెం కాకుండా, దూలాల మధ్య నుంచి కిందికి దిగే కన్నుబోల్టు వేసి, పైన వెడల్పాటి ఇనప పలక, నట్టు బిగించాం. మీ ఇంటి ట్రస్సులు వేరు, వాటి దూరం వేరు. మా కొలతలు చూసి కట్టేయకండి. తెలిసినవారిని పిలిచి చూపించుకోండి.

చట్రం రెండంగుళాల చెక్కతో చేసినదే. ఒక్క జాగ్రత్త: అది టోపీ కంటే వెడల్పుగా ఉండాలి. ఇరుకైతే పట్టీలు టోపీని రెండు వైపులా లోపలికి నొక్కి అద్దాలు విరిచేస్తాయి. పట్టీలు తగిలేచోట పాత బొంత ముక్కలు చుట్టాం. వెనక అద్దం వల్ల వెనక భాగం బరువు. కనుక చట్రాన్ని నడిమధ్యలో కాక కాస్త వెనగ్గా వేలాడదీయాలి. తాడుని గోడకి బిగించిన చేతి వించికి చుట్టాం. పిడి వదిలినా బరువు జారకుండా తనంతట తాను ఆపుకునే బ్రేకు ఉన్న వించి కొనండి. అది లేనిది సగం ధరకే వస్తుంది, వద్దు.

ఇక బియ్యం. టోపీ తగిలించేముందు రెండింతల బరువుతో పరీక్షించమన్నారు ఇంజనీరు గారు. నాలుగిళ్ల నుంచి 20 పౌన్ల సోనా మసూరి సంచులు 20 పోగుచేసి, అంటే 400 పౌన్లు, నేలకి జానెడు ఎత్తున వేలాడదీశాం. పావుగంట బాగానే ఉంది. తర్వాత ఠప్పున చప్పుడు. సంచులన్నీ నేల మీద. రెండు పగిలి గరాజంతా బియ్యం. దూలం చెక్కు చెదరలేదు. తాడూ తెగలేదు. తెగింది ఇంట్లో తాళంచెవుల గుత్తికి ఉన్న కొక్కెం. ఒక కొక్కెం తక్కువైతే, చూడ్డానికి ఒకేలా ఉందిగదా అని, దాన్ని తగిలించాం. సాగి తిన్నగా అయిపోయింది. మా పదేళ్ల వాడు అంతకు నిమిషం ముందే ఆ సంచుల మీద కూర్చుని ఊగుతానని మారాం చేశాడు. మామగారు రెక్క పట్టుకుని అవతలికి లాక్కెళ్లారు గనక సరిపోయింది. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్రపట్టలేదు.

మర్నాడు ఎంత బరువు మోస్తుందో పోతపోసి ఉన్న కొక్కేలే కొని తెచ్చాం. ఆ అంకె లేని ఇనుము ఏదైనా సరే, తలకి పైన వాడకూడదు. ఈసారి 400 పౌన్లు రాత్రంతా వేలాడాయి.

టోపీ ఎత్తే క్రమం: జీపుని వెనక్కి నడిపి గరాజులో పెట్టాలి. ముందు పలకలు తీయాలి. నక్షత్రం మొన ఉన్న టి-50 బిట్టుతో మరలు విప్పాలి. వెనక తలుపు పూర్తిగా తెరవాలి. వైపరు, అద్దం వెచ్చబెట్టే తీగల ముడి, నీళ్ల గొట్టం ఊడదీయాలి (గొట్టం మేము మరిచి నీలం నీళ్లతో స్నానం చేశాం). రెండంగుళాలు ఎత్తి, ఆపి, చుట్టూ తిరిగి చూడాలి. ఇంకొన్ని అంగుళాలు లేచి లోపలి ఇనప చట్రాన్ని దాటాక జీపుని మెల్లగా ముందుకి నడిపి బయటికి తేవాలి. ఆ తర్వాత టోపీని పూర్తిగా పైకెత్తి, వించితో సంబంధం లేని నాలుగు గొలుసులు వేయాలి. గొలుసులు పడేదాకా కిందికి ఎవ్వరూ వెళ్లరాదు. మా గరాజు కప్పు పదడుగులు గనక పైనే ఉంచగలిగాం. ఎనిమిదడుగుల కప్పుకి ఇది కుదరదు. ఎత్తి, చక్రాల బల్ల మీదికి దింపి గోడ వారకి తోసుకోవాలి. గరాజు తలుపు తెరిస్తే ఎంతదాకా వస్తుందో కూడా ముందే కొలుచుకోండి.

ఈ మే నెలలో టోపీ ఇద్దరమే దింపాం. అరగంట పట్టింది. అయిపోయాక గరాజు బోసిగా అనిపించింది. పిలవడానికి ఇప్పుడు కారణం లేదుగదా! ఉండబట్టలేక నలుగురికీ ఫోను చేశాం. అందరూ వచ్చారు. నడుం నొప్పి ఆయన వించి పిడి తానే తిప్పి చూసి, గొలుసులు ఒక్కోటి లాగి చూసి, తర్వాతే పెసరట్టు ముట్టారు. వాళ్లావిడ మాతో ఆరోజు మాట్లాడారు. "అల్లం పచ్చట్లో ఉప్పు తక్కువైంది" అన్నారు.

వచ్చే నెల: మంచు పడకముందే చూసుకోవలసిన చూరు కాలువలు. బియ్యం ఇచ్చిన నాలుగిళ్ల వారికీ సంచులు తిరిగి ముట్టాయని నమ్ముతున్నాం. ముట్టనివారు చెప్పండి.