టెలిస్కోపుకు కన్ను ఆనించకుండా చూడాలి: బార్లో కటకం గురించి నా అభిప్రాయం

పిల్లల కోసం కొనే టెలిస్కోపు పెట్టె మీద "675 రెట్లు" అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందో లెక్క కట్టడం సులభమే. టెలిస్కోపు నాభ్యంతరం 900 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్ల ఐపీస్ తగిలిస్తే, 900ని 4తో భాగించగా 225 రెట్లు. ఐపీస్‌కు ముందు మూడు రెట్ల బార్లో కటకం చేర్చితే 675. లెక్క సరిగానే ఉంది. కంటికి మాత్రం మసక తప్ప ఏమీ కనిపించదు.

అందువల్ల బార్లో కటకం అంటేనే మోసమనుకునేవారు ఉన్నారు. అది సరి కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల గణితవేత్త పీటర్ బార్లో పేరుతో పిలిచే ఈ సాధనం ఒక పుటాకార కటకం. హ్రస్వదృష్టి ఉన్నవారికి మేము రాసే మైనస్ అద్దం కూడా ఈ జాతిదే. ఒకచోట కలియబోయే కాంతి కిరణాలను కొంత విప్పి, మరికొంత దూరాన కలిసేటట్లు చేస్తుంది. రెండు రెట్ల బార్లో అమర్చితే టెలిస్కోపు నాభ్యంతరం రెట్టింపైనట్లే. అందరూ దీనిని బలం పెంచే పరికరంగానే చూస్తారు. నలభై దాటినవారికీ, కళ్లజోడు పెట్టుకునేవారికీ దీనివల్ల కలిగే అసలు మేలు వేరని నా అభిప్రాయం.

ఐపీస్ చివరి అద్దం నుంచి కన్ను ఎంత దూరాన ఉంటే దృశ్యం పూర్తిగా కనిపిస్తుందో, ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. మార్కెట్లో ఎక్కువగా దొరికే ప్లాసెల్ రకం ఐపీస్‌లలో అది నాభ్యంతరంలో సుమారు 70 శాతం. 10 మిల్లీమీటర్ల ఐపీస్‌కు 7 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్ల దానికి 3 లోపే. మన పైరెప్ప వెంట్రుకల పొడవే దాదాపు 10 మిల్లీమీటర్లు! రెప్ప కొట్టిన ప్రతిసారీ వెంట్రుకలు అద్దాన్ని తుడుస్తాయి, కన్నీటి జిడ్డు అంటుకుంటుంది. ఇక కళ్లజోడు ఉన్నవారికి కనీసం 15 మిల్లీమీటర్లయినా కావాలి.

ఇప్పుడు 10 మిల్లీమీటర్ల ఐపీస్‌కు బదులు 20 మిల్లీమీటర్లది తీసుకొని, దానికి రెండు రెట్ల బార్లో చేర్చండి. ఆవర్ధనం అదే 90 రెట్లు. కంటికి దొరికే దూరం మాత్రం 14 మిల్లీమీటర్లు, ఒకింత ఎక్కువ కూడా. 25 మిల్లీమీటర్లదైతే 72 రెట్లు, దూరం 17 మిల్లీమీటర్ల పైమాటే. కళ్లజోడుతో కూడా హాయిగా చూడవచ్చు.

"జోడు తీసేసి చూడండి" అని సలహా ఇచ్చేవారున్నారు. హ్రస్వదృష్టి గాని చత్వారం గాని మాత్రమే ఉంటే ఆ మాట నిజమే, ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది. కాని అద్దాల చీటీలో సిలిండర్ పవర్ రాసి ఉంటే ఫోకస్ ఎంత తిప్పినా ఆ దోషం పోదు. తక్కువ ఆవర్ధనంలో అటువంటివారు జోడు తీయరాదు.

బార్లో చేయలేనిదీ ఒకటి ఉంది. ఐపీస్ నుంచి వెలువడే కాంతిపుంజం వెడల్పు, టెలిస్కోపు వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే వస్తుంది. 114 మిల్లీమీటర్ల టెలిస్కోపులో 36 రెట్ల వద్ద అది 3 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది. 180 రెట్ల వద్ద 0.6, పెట్టె మీది 675 వద్ద 0.17. బార్లో పెట్టినా పెట్టకున్నా ఈ లెక్క మారదు. వెలుగును సమకూర్చేది వ్యాసమే. ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దర్పణం పెట్టుకున్నది అందుకే. వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటి ఆవర్ధనం పెంచడం దండగ. మన వేసవి రాత్రుల్లో డాబా మీది వేడిగాలికి అందులో సగం కూడా దక్కదు.

కాంతిపుంజం మిల్లీమీటరు కంటే సన్నబడినప్పుడు మరో వింత ఎదురవుతుంది. చంద్రుని మీద నూలుపోగులు, చుక్కలు ఈదులాడుతున్నట్లు కనిపిస్తాయి. అవి టెలిస్కోపులోవి కావు. మన కంటిలోని విట్రియస్ ద్రవంలో తేలే పోగుల నీడలు. వయసుతో ఇవి ఎవరికైనా వస్తాయి. టెలిస్కోపు దగ్గర మాత్రమే కనిపిస్తే భయం వద్దు. కాని మామూలు వేళల్లోనే ఉన్నట్టుండి చుక్కలు గుంపుగా రాలినా, మెరుపులు మెరిసినా, ఒక పక్క తెర దిగినట్లున్నా రెటీనా ఊడుతున్నదేమోనని అనుమానించాలి. ఆ రోజే నేత్రవైద్యుని వద్దకు వెళ్లాలి.

ఇదంతా ఒంటరిగా డాబా మీద చూసుకునేవారి సంగతి. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది పాఠశాలల్లో జరిపే ఆకాశ దర్శనాల మీద. పాల్వంచ విద్యుత్ కేంద్రపు దీపాలు వెనుకబడి, భద్రాచలం వద్ద గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళితే ఆకాశం నల్లగా, నక్షత్రాలతో నిండుగా ఉంటుంది. అక్కడి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు శనిని చూపడానికి అంతకంటె మంచి చోటు లేదు. అయితే వచ్చినవారు ఉత్సాహంతో అతి చిన్న ఐపీస్ తగిలిస్తారు. 180 రెట్ల వద్ద గ్రహం నిమిషం పైచిలుకులో దృశ్యం దాటిపోతుంది. 675 వద్ద పద్దెనిమిది సెకన్లే. పిల్లవాడు కన్ను పెట్టేసరికి అక్కడ చీకటి. అయినా "కనిపించింది సార్" అంటాడు, వెనుక యాభై మంది నిలబడి ఉన్నారు గనుక. నమ్మకండి. చూసినది మట్టిలో వేలితో గీయమనండి. వలయం గీసినవాడే చూసినవాడు. వలయం తెలియడానికి 50 రెట్లు చాలు, 90 అయితే పుష్కలం.

ఆ చీకట్లో తోటివారికి కనిపించే నక్షత్రాలు ఒక బిడ్డకు అసలే కనిపించకపోతే, తడుముకుంటూ నడుస్తుంటే, రేచీకటి ఉందేమో చూపించాలి. టెలిస్కోపు పని కాకపోయినా అక్కడే బయటపడే సంగతి ఇది.

వరుసలోని యాభై కళ్లూ ఒకే రబ్బరు అంచుకు ఆనుతాయన్నది నిర్వాహకులు మరిచే విషయం. కళ్లకలక చేతుల ద్వారా, తువ్వాళ్ల ద్వారా పాకినట్లే దీని ద్వారానూ పాకుతుంది. హాస్టల్లో ఒకరికి వస్తే వారంలో అందరికీ వస్తుంది. పొడవాటి ఐపీస్, బార్లో జంటగా వాడితే కన్ను అంచుకు తగలనవసరం లేదు. కళ్లు ఎర్రబడినవారిని ఆ రాత్రికి వరుసలో నిలబెట్టవద్దు. మిగిలినవారి మధ్య కూడా రబ్బరు అంచును స్పిరిట్ దూదితో తుడుస్తూ ఉండండి. అద్దానికి మాత్రం దూది తగలనీయకండి.

పగటిపూట బార్లోతో గాని, లేకుండా గాని సూర్యుని వైపు తిప్పవద్దు. ఐపీస్‌కు బిగించే నల్లని సూర్య ఫిల్టరు పెట్టెలో వస్తే పారవేయండి. వేడికి అది పగిలిన క్షణంలోనే రెటీనా కాలుతుంది. నొప్పి కూడా తెలియదు.