పరీక్షలో క్రిమి కనబడినంత కాలము సూది వేయవలెనా?

సంకరజాతి ఆవులను పెంచుచున్న గ్రామాలలో, పశువైద్యశాల గుమ్మము ముందు ఒక ప్రశ్న తరచు వినబడుచున్నది. ఆవుకు గోమారి జ్వరము వచ్చినది. డాక్టరుగారు సూది వేసినారు. జ్వరము దిగినది. ఆవు మేత మేయుచున్నది, పాలు కూడ కొంత పెరిగినవి. మూడు నాలుగు వారాల తరువాత, ఎందుకైనా మంచిదని రక్తము పరీక్ష చేయించగా “థైలేరియా ఉన్నది” అని కాగితము వచ్చినది. ఇప్పుడు ఇంకొక సూది వేయించవలెనా?

నా అభిప్రాయము ముందుగానే చెప్పెదను. ఆవు కోలుకొనుచున్నట్లయితే వేయించవద్దు. మందు ఎప్పుడు ఆపవలెనో ఆవును చూచి తెలిసికొనవలెను. ఆ కాగితమును బట్టి తెలియదు.

ఎందుకు తెలియదో చెప్పవలెనంటే జబ్బు సంగతి కొంచెము తెలియవలెను. థైలేరియా అనునది కంటికి ఆనని ఏకకణ జీవి. కొట్టము గోడల నెర్రెలలో కాపురముండు హయలోమా అను జాతి గోమార్లు దీనిని ఒక పశువు నుండి మరొక పశువుకు చేర్చును. ఒంగోలు వంటి మన జాతి పశువులకు, గేదెలకు ఇది సోకినను సాధారణముగా పెద్ద జబ్బుగా పైకి రాదు. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తము కలిసిన ఆవులకు, వాటి దూడలకు మాత్రము ప్రాణము మీదికి వచ్చును. జ్వరము 104 నుండి 106 డిగ్రీల ఫారన్‌హీటు వరకు పోవును. భుజము ముందున్న గ్రంథి, తొడ ముందున్న గ్రంథి చేతికి గట్టిగా తగులునట్లు ఉబ్బును. మేత మాని, నెమరు మాని, కంటి రెప్ప లోపల తెల్లబారి, ఆయాసముతో నిలబడును.

ఈ క్రిమి మొదట ఆ గ్రంథులలోని తెల్ల కణాలలో పెరుగును. పశువును పడగొట్టునది ముఖ్యముగా ఈ దశయే. తరువాత ఎర్ర కణాలలో చేరును. ఇప్పుడు మన డాక్టర్లు వాడు బుపార్వాక్వోన్ అను మందు మొదటి దశ మీద బాగుగా పనిచేయును. ఎర్ర కణాలలోని క్రిమిని తగ్గించును గాని పూర్తిగా తుడిచివేయదు. అందువలన జబ్బు నుండి లేచిన ఆవు రక్తములో కొద్దిపాటి క్రిమి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి ఉండిపోవును. గాజు పలక మీద పూసిన రక్తములో మన ప్రయోగశాలవారు చూచుచున్నది ఈ మిగులునే. పి.సి.ఆర్. అను కొత్త పరీక్ష పలక మీద కనబడనంత తక్కువ క్రిమిని కూడ పట్టుకొనును. పరీక్ష ఎంత సూక్ష్మమైనదైతే “ఉన్నది” అను కాగితాలు అంత ఎక్కువగా వచ్చును. ఆవుల జబ్బు మాత్రము పెరిగినట్లు కాదు.

పైగా ఆ మిగిలిన క్రిమి వలన ఆవు ఒంటిలో ఎదుర్కొను శక్తి నిలిచియుండును. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారు తయారుచేసిన థైలేరియా టీకా కూడ బలము తగ్గించిన సజీవ క్రిమితో చేసినదే. ఒకవైపు టీకాగా క్రిమిని ఒంటిలోనికి పంపుచు, మరొకవైపు కోలుకొన్న ఆవులోని కొద్ది క్రిమిని కడిగివేయవలెనని సూది మీద సూది వేయుట ఏమి సబబు?

అయితే కోలుకొనుటకు గుర్తులేవి? కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున, అనగా 300 కిలోల ఆవుకు 15 మిల్లీలీటర్ల మందును డాక్టరు మెడ కండలోనికి లోతుగా ఎక్కించును. చాలా ఆవులకు ఒక్క సూది సరిపోవును. జ్వరము దిగనిచో 48 నుండి 72 గంటలలో రెండవది వేయుదురు. అటుపిమ్మట ఉదయము, సాయంత్రము థర్మామీటరు పెట్టి అంకె వ్రాసి ఉంచండి. వరుసగా మూడు దినములు 102.5 దాటకుండ ఉన్నదా? గ్రంథి వాపు తీయుచున్నదా? నెమరు వేయుచున్నదా? ఈ మూడును సరిగా ఉన్నచో మందు తన పని చేసినట్లే.

చిక్కు వచ్చునది రక్తహీనత దగ్గర. జ్వరము మూడు దినములలో పోవచ్చును గాని కరగిపోయిన రక్తము తిరిగి పట్టుటకు మూడు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కాలము పట్టును. అంతవరకు ఆవు నీరసముగానే ఉండును, పాలు పూర్తిగా రావు. ఈ నీరసమును చూచి, చేతిలో కాగితమును చూచి, రైతు భయపడును. ఆ భయమును చూచి మూడవ సూది, నాలుగవ సూది వేయువారు కూడ లేకపోలేదు. ఆ సమయమున ఆవుకు కావలసినది పచ్చిమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమము, డాక్టరు చెప్పినచో ఇనుము మందు. పరీక్ష చేయింపదలచినచో రక్తములోని హిమోగ్లోబిన్ ఎంతయో చూపించుడు. సాధారణముగా ఆవుకు 8 గ్రాములు, అంతకు పైన ఉండవలెను. పది దినముల ఎడముతో తీసిన రెండు అంకెలలో పెరుగుదల కనబడినచో, “క్రిమి ఉన్నది” అను మాట కంటె అది మీకు ఎక్కువ చెప్పును.

ఇట్లని అజాగ్రత్త పనికిరాదు. జ్వరము తిరిగి వచ్చినను, గ్రంథి మరల ఉబ్బినను వెంటనే డాక్టరును పిలువవలెను. ఈనిక వంటి శ్రమ సమయాలలో అణగియున్న జబ్బు తిరగబెట్టవచ్చును. కాని ఇక్కడ మరొక ప్రమాదమున్నది. పాత కాగితము చేతిలో ఉన్నందున ప్రతి జ్వరమును థైలేరియా నెత్తిన వేయుట జరుగుచున్నది. మూత్రము కాఫీ రంగుగా వచ్చినచో అది బబీసియా కావచ్చును. దానికి మందు వేరు. పొదుగువాపు వలన జ్వరము రావచ్చును. అనాప్లాస్మాకు టెట్రాసైక్లిన్ జాతి మందు కావలెను. కాగితమును చూపి “పాత జబ్బే” అని మీరే తేల్చి చెప్పవద్దు. ఆవును క్రొత్తగా పరీక్షింపుడని అడుగండి.

మనుషుల వైద్యములోను ఇదే వివాదము నడచినది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రములోని లైమ్ అను ఊరి పేరు పెట్టిన జబ్బు ఒకటి కలదు. మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు పోయి స్థిరపడిన ఆ ఈశాన్య రాష్ట్రాలలో అది హెచ్చు. అదియు గోమారి కాటు వలన వచ్చునదే, కాని బాక్టీరియా జబ్బు. రెండు నుండి నాలుగు వారాల మందుతో సాధారణముగా నయమగును. అయినను రక్తములో ప్రతిరక్షకములు ఏండ్ల తరబడి ఉండి, పరీక్షలో జబ్బు ఉన్నట్లే చూపును. అక్కడ మిగులునది క్రిమి కాదు, శరీరము దానితో పోరాడిన ఆనవాలు. నీరసము, నొప్పులు తగ్గనివారికి నెలల తరబడి మందులిచ్చి చూచినారు. 2001లో అమెరికాలో, 2016లో నెదర్లాండ్స్‌లో ప్రకటించిన పరిశోధనలలో, మందు తీసికొన్నవారికి ఉత్తుత్తి మందు తీసికొన్నవారి కంటె అదనపు మేలు కనబడలేదు. వారి బాధ నిజమైనదే. అయినను పొడిగించిన మందు దానిని తీర్చలేదు.

మన విషయములో నష్టము డబ్బుతో పోవునది కాదు. ఈ జబ్బుకు మనకున్న ముఖ్యమైన మందు ఒక్కటే. ట్యునీసియా, ఇరాన్ వంటి దేశాలలో దానికి లొంగని థైలేరియా ఇప్పటికే బయటపడినది. అవసరము లేని ప్రతి సూదియు ఆ రోజును మన కొట్టము దగ్గరకు తెచ్చును. మందు వేసినపుడు ఎన్ని దినములు పాలు కేంద్రమునకు పోయరాదో సీసా మీద చూచి పాటించుట వేరే ఉండనే ఉన్నది.

గ్రామ పశుసంవర్ధక సహాయకులకు ఒక మాట. ఆవులను కొనునపుడు క్రిమి ఉన్నదని తేలిన ఆవును తిప్పి పంపవలెనని కొందరు పట్టుపట్టుచున్నారు. గోమార్లు లేని, జబ్బు ఎరుగని మందలోనికి తెచ్చునపుడు ఆ జాగ్రత్త సబబే. కాని గోమార్లు నిండిన ఊరిలోనికి, ఈ జబ్బు ఎన్నడు ఎరుగని సంకరజాతి ఆవును దూరపు ప్రాంతము నుండి తెచ్చి కట్టివేసినచో, మొదటి వానకాలములోనే పడిపోవునది అదియే. రైతుకు ఈ రెండు సంగతులును చెప్పండి.

క్రిమి ఉన్న ఆవు వలన ప్రక్క ఆవులకు ముప్పు లేదని నేననుట లేదు. దాని రక్తము త్రాగిన గోమారి పిల్ల పెరిగి మరొక దూడను కుట్టినపుడు జబ్బు సాగును. ఆ దారిని మూయుటకు సూది పనికిరాదు. గోమార్లు తమ జీవితములో ఎక్కువ భాగము పశువు మీద ఉండవు. గోడ నెర్రెలలో, రాళ్ళ సందులలో, గుంజల మొదళ్ళలో దాగును. కాబట్టి మూడవ సూదికి పెట్టదలచిన పైకముతో నెర్రెలను సిమెంటుతో పూడ్చి, గోడకు అడుగు నుండి సున్నము కొట్టించండి. పశువు మీద చల్లు మందును డాక్టరు చెప్పిన పాళ్ళలో కలిపి చెవుల లోపల, తోక క్రింద, పొదుగు సందులలో తగులునట్లు పూయండి. ఊరంతయు ఒకే వారములో చేసిన మేలు. దూడలను పెద్ద పశువుల గోడకు దూరముగా కట్టండి.