విమానం అద్దపు మూత తెరవడం ఎలా?

పిల్లలూ! ప్లాస్టిక్ ముక్కలు అతికించి చిన్న విమానాలు తయారు చేయడం మీలో కొందరికి సరదా గదా! ఈ నెల అందులోని ఒక కష్టమైన పని నేర్చుకుందాం.

స్పిట్‌ఫైర్ విమానాన్ని తీసుకోండి. అది 1936 మార్చి 5న ఇంగ్లండులో మొదటిసారి ఎగిరింది. దాని బొమ్మలు చాలావరకు అసలు విమానంలో 72వ వంతు ఉంటాయి. అసలు దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 11 మీటర్ల పైచిలుకు; బొమ్మకు 15 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే.

విమానం నడిపేవాడి తలపైన ఉండే అద్దపు మూతను కానపీ అంటారు. స్పిట్‌ఫైర్‌లో ఇది మూడు భాగాలు. ముందుదీ, వెనకదీ కదలవు. నడిమిది మాత్రం పట్టాల మీద వెనక్కు జరుగుతుంది. విమానాన్ని లేపేటప్పుడూ, దించేటప్పుడూ పైలట్లు దానిని తెరిచి ఉంచేవారు. ఏదైనా ప్రమాదం జరిగి మూత బిగుసుకుపోతే ప్రాణానికే ముప్పు గదా! చాలా స్పిట్‌ఫైర్లలో పక్క తలుపు లోపల ఒక చిన్న గునపం కూడా ఉండేది. మూత రాకపోతే దానితో పెళ్లగించుకుని బయటపడవలసిందే.

కనుక బొమ్మకు కూడా మూత తెరిచి ఉంటే చూడ ముచ్చటగా ఉంటుంది. లోపలి కుర్చీ, మీటలు కనిపిస్తాయి. అయితే చాలా పెట్టెలలో ఈ మూడు భాగాలూ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. దానిని రెండు చోట్ల కోయాలి. పగిలితే పెట్టెలో రెండోది ఉండదు!

బూడిదరంగు ముక్కలు వంచితే వంగుతాయి గాని, ఈ అద్దపు ముక్క ఠప్పున పగులుతుంది. ఎందుకు? రెండూ పాలిస్టిరీన్ అనే ప్లాస్టిక్కే. కాని రంగు ముక్కలలో సాధారణంగా కొద్దిగా రబ్బరు కలుపుతారు. అందువల్ల వాటికి సాగే గుణం వస్తుంది. ఆ రబ్బరు రేణువులు వెలుగును అటూ ఇటూ చెదరగొడతాయి; అందుచేత అద్దపు ముక్కలో రబ్బరు కలపరు. అంటే అది తన గట్టితనాన్ని వదులుకుని వెలుగును పోనిస్తున్నదన్నమాట. ఆ లోటును మన చేతి ఓపిక తీర్చాలి.

ఇక పని మొదలుపెడదాం. కత్తి, రంపం వాడే పని గనుక పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. ముందుగా పారవేసే ప్లాస్టిక్ డబ్బా మూత మీద నాలుగైదుసార్లు కోసి చేయి అలవాటు చేసుకోండి.

అద్దపు ముక్క లోపల మెత్తని బంకమట్టి కూరండి. కింద ఆసరా ఉంటే అది వంగదు, పగలదు. కోయవలసిన గీతకు రెండు పక్కలా అంటుకునే టేపు అతికించండి. రంపం జారినా గీత టేపు మీద పడుతుంది. సన్నని పళ్ల రంపాన్ని దాని బరువుతోనే మెల్లగా లాగండి, నొక్కవద్దు. తొందరపడి గబగబా కోస్తే రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి రంపానికి అంటుకుంటుంది. యాభైసార్లు లాగవలసి వచ్చినా సరే, చివర విరిచే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

కోసిన అంచు తెల్లగా కనిపిస్తుంది. భయపడకండి. పటికబెల్లం పలుకు అద్దంలా ఉంటుంది. దంచితే పొడి తెల్లగా ఉంటుంది. ఇక్కడా అంతే. గరుకు తలం వెలుగును చెదరగొడుతుంది. బాగా సన్నని గరుకు కాగితాన్ని తడిపి రుద్ది, తరువాత కొంచెం టూత్‌పేస్టు గుడ్డకు రాసి రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది.

అతికించడానికి వడ్రంగులు వాడే తెల్లబంక చాలు. క్షణంలో అంటుకునే జిగురు వాడితే దాని ఆవిరి అద్దం మీద తెల్లని పొరలా పేరుకుంటుంది.

ఇప్పుడొక లెక్క. బొమ్మ మూత మందం 1 మిల్లీమీటరు అనుకోండి. 72తో గుణిస్తే 7.2 సెంటీమీటర్లు! అసలు విమానానికి అంత మందపు మూత ఎక్కడిది? అందుకే కోసిన నడిమి ముక్కను వెనక్కు జరిపితే అది విమానం వీపు మీద సరిగా కూర్చోదు. నెత్తిన పెద్ద టోపీలా లేచి ఉంటుంది. దీనికి ఉపాయం ఉంది. పలుచని ప్లాస్టిక్ రేకును వేడిచేసి, అచ్చు మీదికి గాలితో లాగి తయారుచేసిన మూతలు దొరుకుతాయి. అవి పలుచగా ఉండి వీపు మీద చక్కగా అమరుతాయి. వాటిని చిన్న కత్తెరతో కూడా కత్తిరించవచ్చు.

మూత అమరిన తరువాత విమానం పక్కన ఏ అక్షరాలు రాయాలి? 1940లో ఇంగ్లండును కాపాడడానికి పోరాడిన స్పిట్‌ఫైర్ దళాలలో 152వ దళం పేరు 'హైదరాబాద్'. అప్పుడు దాని విమానాల మీద ఉన్న గుర్తు అక్షరాలు 'యు', 'ఎం'. మన ఊరి పేరున్న దళం గనుక, మీ బొమ్మ మీద అవే రాసుకోండి!