ముందు అరటి దొప్ప, ఆ తర్వాతే టైటానిక్

ప్రతి ఏడాదీ సైన్సు ప్రదర్శనలో బల్లల మీద నాలుగైదు పడవలైనా కనిపిస్తాయి. థర్మోకోల్‌తో చేసినవి కొన్ని, ఐస్‌క్రీమ్ పుల్లలతో అతికించినవి కొన్ని, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే డబ్బాలో వచ్చినవి ఇంకొన్ని. రంగులు బాగుంటాయి, జెండాలు ఇంకా బాగుంటాయి. వీటిలో నీళ్లలో వేస్తే ఒరిగిపోకుండా తేలేవి ఎన్ని అని అడిగితే మాత్రం పిల్లలతో పాటు పెద్దలూ నవ్వేసి ఊరుకుంటారు. ఈసారి ఆ ప్రశ్నను నవ్వుతో వదిలేయకూడదని నా అభిప్రాయం. పడవ నమూనా చేయాలనుకునే పిల్లలు ముందుగా వెళ్లవలసింది బజారుకు కాదు, మన కంప్యూటర్ గదికి. అక్కడ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో తమ పడవను తామే గీసుకోవాలి.

తెలుగు చెప్పేవారికి ఈ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. నా ఉద్యోగంలో సిద్ధగోరా ఐదో ఊరు. ఇన్ని ఊళ్లలోనూ నేను చూసిన ఒక సంగతి నన్ను ఇందులోకి లాగింది. మన బడి పిల్లలు మొదలుపెట్టినవాటిలో చాలా వస్తువులు పూర్తికావు. ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఆరు నెలలు కూర్చుని మూరెడు పొడవు పడవ చేశాడు. జనవరిలో వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. సామాను లారీలోకి ఫ్రిజ్జు, మంచాలు, సైకిలు, చివరికి పాత కూలరు కూడా ఎక్కాయి. పడవ ఎక్కలేదు. నేను ఆ ఊరు వదిలేనాటికి అది ల్యాబ్ బీరువా మీదే ఉంది, సగం పలకలతో. ఆ పిల్లవాడి పనిని లారీ ఎక్కించే మార్గం ఒకటి ఉంది: పడవ గీతలు ఫైల్‌గా ఉండటం. కర్ర ఇక్కడ వదిలేసినా గీతలు చేతిలో ఉంటే, వెళ్లిన ఊళ్లో మళ్లీ కోసుకోవచ్చు.

నిజానికి పడవ అంటే దాని గీతలే. ఓడలు కట్టేవాళ్లు ఈ సంగతి ఎప్పటినుంచో ఎరుగుదురు. విశాఖపట్నం షిప్‌యార్డులో 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను నీళ్లలోకి దింపారు. ఆ కాలపు షిప్‌యార్డుల్లో ఓడ పని ఇనుముతో మొదలయ్యేది కాదు. ఒక పెద్ద హాలు నేల మీద ఓడ ఆకారాన్ని అసలు కొలతల్లో గీసేవారు. సాధారణంగా ఆ హాలు పై అంతస్తులో ఉండేది కనుక దానికి ఇంగ్లీషులో ‘లాఫ్ట్’ అని పేరు. మన క్వార్టర్లలో పాత సూట్‌కేసులు పెట్టుకునే లాఫ్ట్ కూడా ఆ మాటే. తెలుగులో అటక. ఇవాళ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు అడ్డుకోతలను కలిపి ఒక ఘనరూపం చేసే బటన్ పేరూ లాఫ్టే. ఆ అటక మీది నుంచి దిగివచ్చిన మాట అది.

ఇంకో మాట స్ప్లైన్. వంపు గీత గీయడానికి ఓడలవాళ్లు సన్నని చెక్క బద్దను వంచి, అది కదలకుండా అక్కడక్కడా సీసపు బరువులు పెట్టేవారు. ఆ బద్దే స్ప్లైన్. బరువులను వాళ్లు ముద్దుగా బాతులు అనేవారట. 1963లో ఐవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ అనే ప్రోగ్రామ్‌తో తెర మీద బొమ్మ గీసి చూపించాడు. అప్పటి నుంచి ఎన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చినా, మౌస్‌తో మనం వంచే ఆ గీతను ఇంకా స్ప్లైన్ అనే అంటున్నారు. మౌస్‌తో పెట్టే ఒక్కో చుక్కా ఒక్కో సీసపు బాతు.

ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. స్టాఫ్ రూములో ఈ విషయం ఎత్తితే, “తెర మీద గీస్తే పిల్లల చేతులకు పని ఎక్కడిది?” అని తోటి ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం న్యాయమైనదే. ఇప్పటికే పిల్లలు తెరకు అతుక్కుపోతున్నారు. కానీ ఈ పనిముట్టు పుట్టిందే చేతిపనిలో నుంచి. గీసిన దానిని కోసి, అతికించి, నీళ్లలో వేసేదాకా పని పూర్తి కాదనే షరతు పెడితే చాలు, తెర దగ్గర గడిపిన సమయం చేతికే వస్తుంది. ఆ షరతు లేకపోతే వారి మాటే నెగ్గుతుంది.

మొదటి పాఠంగా ఏం గీయాలి? పిల్లలను అడిగితే టైటానిక్ అంటారు, లేదా విక్రాంత్ అంటారు. రెండూ వద్దు. అరటి దొప్ప గీయండి. పోలి పాడ్యమి నాడు అమ్మమ్మలు దీపం పెట్టి నీళ్లలో వదిలే దొప్పే. మన ఒడియా ఇరుగుపొరుగు కార్తీక పౌర్ణమికి అరటి బోదెలతో, కాగితాలతో చిన్న పడవలు చేసి వదలడం మీరు చూసే ఉంటారు. దొప్పను అడ్డంగా కోస్తే ఒకటే వంపు, పొడవునా అదే వంపు. ఫ్రీక్యాడ్‌లో 100 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల లోతుతో ఆ వంపును గీసి, కొద్దిగా మందం ఇచ్చి, 300 మిల్లీమీటర్లు పొడవుగా లాగితే దొప్ప తయారవుతుంది. ఒక పీరియడ్ పని. అరటి దొప్ప చివర్లు తెరిచి ఉన్నా మునగదు, దాని పొరల్లోనే గాలి గదులు ఉన్నాయి కనుక. మీ ప్లైవుడ్ పడవ బరువు మోయాలంటే మాత్రం చివర్లు మూయక తప్పదు. ఎలా మూయాలి, ముందు వైపు ఎంత సన్నగా లాగాలి, ఎంత పైకి లేపాలి అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. పడవ విద్య అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఫ్రీక్యాడ్ అనడానికి కారణాలు రెండు. డబ్బు కట్టనక్కరలేదు, ఒకసారి ఎక్కించాక ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఆరు, ఏడు తరగతుల వాళ్లకు అది బరువనిపిస్తే బ్రౌజర్‌లో నడిచే టింకర్‌క్యాడ్ ఉంది. డబ్బాలు, గోళాలు అతికించుకుంటూ పోవచ్చు. ఓడల కోసమే తయారైన డెల్ఫ్ట్‌షిప్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఉచిత రూపం కూడా ఉంది, కానీ దాని జోలికి మొదటి ఏడాదే పోవద్దని నా సలహా.

రెండో పాఠానికి నిజమైన పడవ కావాలి. వేసవి సెలవుల్లో గోదావరి వైపో శ్రీకాకుళం వైపో వెళ్లేవాళ్లు ఒడ్డున ఉన్న నాటుపడవను, దాని యజమానిని అడిగి, పెద్దవాళ్ల సమక్షంలో టేపుతో కొలవండి. ఇక్కడే ఉండేవాళ్లు సువర్ణరేఖ ఒడ్డున చేపల పడవ కనిపిస్తే అలాగే చేయవచ్చు. ఒంటరిగా మాత్రం నదికి వెళ్లవద్దు, వానాకాలంలో అసలే వద్దు. పడవ మొత్తం కొలవనక్కరలేదు. కుడి ఎడమలు ఒకటే కనుక సగం చాలు, మిగతా సగం సాఫ్ట్‌వేర్ అద్దంలోలా తిప్పి ఇస్తుంది. పొడవును ఆరు సమాన భాగాలు చేసి, ప్రతి గీత దగ్గరా నడిమి నుంచి అంచు వరకు ఎంత, అడుగు నుంచి అంచు ఎత్తు ఎంత అని రాసుకోండి. ఈ పట్టికను నోటుబుక్కులో సిరాతోనే రాయండి.

పేర్లు కూడా రాయండి. పడవ ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. తెడ్డు, చుక్కాని, గెడ, లంగరు మీకు తెలిసినవే. ఫైల్‌లో ప్రతి భాగానికీ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ‘బాడీ ఒకటి’, ‘బాడీ రెండు’ అని పేర్లు పెడుతుంది. వాటిని చెరిపి అణియం, అమరం అని తెలుగులోనే పెట్టుకోవచ్చు, ఫ్రీక్యాడ్ ఒప్పుకుంటుంది. ఇది తెలుగు టీచరు స్వార్థం అనుకున్నా సరే.

గీసేటప్పుడు ఒక ఆశ పుడుతుంది, ఎక్కువ చుక్కలు పెడితే గీత ఇంకా చక్కగా వస్తుందని. జరిగేది దానికి వ్యతిరేకం. బద్ద మీద బాతులు ఎక్కువైతే బద్ద గతుకులు పడుతుంది. ఐదారు చుక్కలతో వచ్చే వంపే పడవకు నప్పుతుంది. గీసిన తర్వాత తెర మీద పడవను తిప్పి, అణియం వైపు నుంచి పొడవునా చూడండి. కర్రపని చేసే మేస్త్రి ఒక కన్ను మూసి పలక అంచు చూసేది ఇందుకే.

ఇప్పుడు లెక్క. అసలు పడవ 5 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు అనుకుందాం. పదో వంతు నమూనా 50 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు. అది నీటిలో 3 సెంటీమీటర్లు మునిగి తేలాలి అనుకుంటే, పొడవు, వెడల్పు, మునక గుణిస్తే 1800 ఘన సెంటీమీటర్లు. పడవ డబ్బాలా ఉండదు కదా, చివర్లు సన్నబడతాయి. ఆ ఆకారం డబ్బాలో 55 శాతం నింపుతుందనుకుంటే 990. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము. అంటే చెక్క, మోటారు, బ్యాటరీ, రంగు అన్నీ కలిపి కిలోకు పది గ్రాములు తక్కువ ఉండాలి. నీటి గీత కింది భాగాన్ని కోసి చూస్తే సాఫ్ట్‌వేర్ ఈ ఘనపరిమాణాన్ని సరిగ్గా చెబుతుంది. ఆర్కిమెడిస్ సూత్రాన్ని తొమ్మిదో తరగతిలో బట్టీ పట్టినవాళ్లు దాన్ని తూకం వేసి చూసే అవకాశం ఇది. పొడవు పదో వంతైతే బరువు పదో వంతు కాదు, వెయ్యో వంతు అవుతుందన్న సంగతి కూడా ఇక్కడే చేతికి తెలుస్తుంది.

వేగం లెక్క మరీ తమాషా. అది పొడవు వర్గమూలంతో మారుతుంది. అసలు పడవ గంటకు 6 కిలోమీటర్లు పోతుంటే, నమూనా సెకనుకు అర మీటరు పైచిలుకు పోతే చాలు, రెండింటి అలలూ ఒకేలా లేస్తాయి. విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1870ల తొలి ఏళ్లలో టోర్కీ అనే ఊళ్లో పొడవాటి నీటి తొట్టి కట్టి, మైనపు నమూనాలను లాగి తేల్చిన విషయం ఇది. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్.ఎస్.టి.ఎల్.లో అలాంటి తొట్టి 500 మీటర్ల పొడవు ఉంది. టాటానగర్‌లో రైలెక్కితే రెండు గంటల చిల్లరలో వచ్చే ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో 1952 నుంచి నౌకా నిర్మాణ శాస్త్రం చెబుతున్నారు. ఎన్.సి.సి. నౌకా విభాగంలో షిప్ మోడలింగ్ ఒక పోటీ కూడా. బొమ్మ పడవ అని చిన్నచూపు చూసే తల్లిదండ్రులకు ఈ పేరా చూపించండి.

అడ్డుకోతలను కాగితం మీద అచ్చు తీసి, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద అతికించి కోయాలి. 12 సెంటీమీటర్ల వెడల్పు ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. ప్రింటర్ తనకు తోచినట్టు బొమ్మను చిన్నది చేసే అలవాటు ఉన్న యంత్రం. ప్రతి పేజీలో 10 సెంటీమీటర్ల గీత ఒకటి పెట్టి, అచ్చు వచ్చాక స్కేలుతో కొలవండి. పైన అతికించే పలక 2 మిల్లీమీటర్లు ఉంటే, లోపలి చట్రాన్ని రెండు వైపులా 2 మిల్లీమీటర్లు తగ్గించి గీయాలి. లేదంటే పడవ లావెక్కుతుంది.

అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడుల్లో త్రీడీ ప్రింటర్ ఉంటుంది. రెడీమేడ్ ఫైల్ దించుకుని ఓడను ముద్రించేయవచ్చు. దానికి నేను మొదటి ఏడాది ఒప్పుకోను. ఎవరో గీసిన ఓడను యంత్రం కరిగించి పోస్తుంటే చూడటంలో మన పిల్లలకు మిగిలేది తక్కువ. తన టేపుతో కొలిచిన పడవ గీసిన పిల్లవాడికి రెండో ఏడాది ప్రింటర్ ఇవ్వండి, దాన్ని ఎలా వాడాలో వాడికే తెలుస్తుంది.

పడవ తేల్చి చూడటానికి సూర్యమందిరం చెరువు దాకా పోనక్కరలేదు. స్నానాల తొట్టి, సిమెంటు నీళ్ల తొట్టి చాలు. పక్కకు ఒరిగితే అడుగున ఇనప ముక్క పెట్టి చూడండి. ఇస్పాత్ ఊళ్లో ఇనప ముక్కకు కరువా?

ఇక ఫైల్ సంగతి. వెళ్లిన ఊళ్లో ఇదే సాఫ్ట్‌వేర్ ఉంటుందన్న భరోసా లేదు. అందుకని అసలు ఫైల్‌తో పాటు స్టెప్ రూపంలో ఒకటి, పీడీఎఫ్‌లో ఒకటి దాచుకోండి. కొలతల పట్టిక నోటుబుక్కు టి.సి. కాగితాలతో పాటు అదే సంచిలో పెట్టండి. వెళ్లేవాళ్లు ఒక ప్రతి ఇక్కడా వదిలి వెళ్లాలి. నడి సంవత్సరంలో కొత్త ఊరికి వచ్చి, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక చివరి బెంచీలో కూర్చునే పిల్లలను నేను ప్రతి బడిలో చూశాను. వాళ్ల చేతిలో ఒక సగం పడవ పెట్టగలిగితే మంచిది. వెళ్లిపోయిన విద్యార్థి అణియం వరకు గీశాడు, అమరం నువ్వు గీయాలి అని చెప్పవచ్చు. కంప్యూటర్ గదిలో ‘పడవలు’ అని ఒక ఫోల్డర్ ఉంచమని అడుగుతున్నాను. దానికి పాస్‌వర్డ్ మాత్రం పెట్టవద్దని మనవి.